ఓడిపోయేవాడి వీపు

మబ్బు కదలలేదు. డైరెక్టరు నల్లద్దం కంటికి ఆనించి ఆకాశం వంక చూస్తూనే ఉన్నాడు, మెడ వెనక్కి విరిచి, నోరు కొంచెం తెరిచి, పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నవాడిలా. ఆయన చూసినంత మాత్రాన సూర్యుడు భయపడి బయటికి వస్తాడా, రాడు, అయినా చూడటం ఆయన పని, కూర్చోవడం మా పని. పొద్దున మా టీవీ సీరియల్‌కు తీసిన ముక్కలో ఎండ ఉంది కాబట్టి ఇప్పుడూ ఎండే ఉండాలి, లేకపోతే హీరోయిన్ మినోరి తన దుకాణం గుమ్మంలో ఎండలో బయల్దేరి ఈ జెట్టీ మీదికి వచ్చేసరికి ముసురులో తేలుతుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. అందుకని మిసాకి రేవులో చేపల వేలం షెడ్డు గోడ చాటున మడత కుర్చీలు వేసుకుని, వీపులకు వేడి పట్టీలు అంటించుకుని, అందరం మబ్బు విడిచేదాకా కాచుకున్నాం. బయట మార్చి నెల గాలి, కథలో ఏప్రిల్ చివర. ఏప్రిల్ చివర ఎవడి నోట్లోంచీ ఆవిరి రాదు, కాబట్టి టేకుకు ముందు ఐసుముక్క చప్పరించి నోరు చల్లబరుచుకోవాలి. వీపు మీద నిప్పు, నాలుక మీద మంచు, ఇదీ ప్రేమకథ. ఈ ఐసు కప్పు పట్టుకుని నా పక్కన నిలబడే మేకప్పు మసుయో ఇరవయ్యేళ్ళుగా నా మొహానికి రంగు వేస్తోంది. నా మొహం ఎవరికీ గుర్తుండదని ఆమెకు తెలుసు, అందుకే మొహం మీద తొందరగా పని ముగించి మెడ వెనక, చెవుల వెనక ఎక్కువసేపు దిద్దుతుంది. నీ మొహం అదేగా, అంటుంది. నా వీపునే అనడం.

నా వీపే. చివరి వారంలో వాడికి మిగిలేది అదే, ఆ రెండోవాడికి, హీరోయిన్ని ప్రేమించి, అడక్కుండా, అడిగినా దక్కించుకోకుండా, ఆమెను వేరేవాడికి అప్పగించి వెళ్ళిపోయేవాడికి. ఇరవైనాలుగేళ్ళప్పుడు మొదటిసారి ఆ వేషం వేశాను. వానలో గొడుగు పట్టుకోవాలి, గొడుగంతా ఆ అమ్మాయి మీద ఉండాలి, నా భుజం తడవాలి. ఆమె ఆ భుజం చూడదు, చూసేవాళ్ళే చూస్తారు. ఆ ఒక్క తడిసిన భుజం నా బతుకైపోయింది. అప్పటినించీ ఎన్ని గొడుగులు పట్టానో, జ్వరమొచ్చిన ఆడవాళ్ళను ఎన్నిసార్లు ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తానో. కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఉండేది మాత్రం నేను కాదు. నేను బయట కారిడార్లో కాఫీ మిషను ముందు నిలబడి ఉంటాను, చేతిలో రెండు కప్పులు, లోపలినించి నవ్వులు, ఒక కప్పు అక్కడే పెట్టేసి వెళ్ళిపోతాను. మూడు నెలల కథకు మధ్య వారాలు నడిచేది నాలాంటివాడి పుణ్యాన, నేనే లేకపోతే వాళ్ళిద్దరూ రెండో వారంలోనే ముద్దుపెట్టుకుని కథ కంచికి పంపేస్తారు. ఈ సంగతి ఏ రచయితా ఒప్పుకోడు. స్క్రిప్టులో కష్టమైన చైనా అక్షరాల పక్కన నేను పెన్సిలుతో వాటి పలుకు చిన్నక్షరాల్లో రాసుకుంటాను. హైస్కూలు మొదటి ఏడు సగంలో వదిలేసి టోక్యో వచ్చి సెట్లు మోసినవాణ్ణి, చదువుకున్నవాళ్ళు రాసింది చదువుకున్నవాళ్ళలా చదవలేను. కుర్ర నటులు నా స్క్రిప్టు చూసి మొహం తిప్పుకుంటారు, మర్యాదగా. మర్యాదగా మొహం తిప్పుకోవడం నాకు నేర్పబోతారు, నాకు.

"ఏదో దొంగపని ఆలోచిస్తున్నావు" అంది మసుయో, నా కాలరు సర్దుతూ.

"మబ్బు గురించి ఆలోచిస్తున్నా."

"మబ్బు గురించి ఆలోచించేవాడి చెవులు ఎర్రబడవు. ఇప్పుడు దీనిక్కూడా రంగు వెయ్యాలి నేను."

ఆలోచించక ఏం చేస్తాను. నిన్న నిర్మాత అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు, ఉత్తరాలు వస్తున్నాయి, ఫోన్లు వస్తున్నాయి, ఎవరూ అనుకోనిది జరిగింది, చూసేవాళ్ళు డాక్టర్ కిరిషిమ వైపు తిరిగారు అని. కిరిషిమ అంటే నేనే, ఈ రేవులో చిన్న క్లినిక్ నడిపే డాక్టరు, అన్నం డబ్బాలు కట్టి అమ్ముకునే విధవరాలు ఫుమిని మనసులో పెట్టుకుని బయటపడనివాడు. ఫుమిగా మినోరి. ఫుమి పాత ప్రేమికుడు, టోక్యో నించి తిరిగొచ్చిన వంటవాడు, హీరో, ఆ వేషంలో హయాసె. మామూలుగా అయితే చివరి వారం కిరిషిమ ఎక్కడో దూరపు దీవికి బదిలీ చేయించుకుని పడవెక్కి పోతాడు, ఫుమి వంటవాడితో ఉండిపోతుంది. కానీ నిర్మాత అన్నాడు, రెండు ముగింపులూ తీద్దాం, ఒకదాంట్లో డాక్టరు ఒంటరిగా పోతాడు, ఇంకోదాంట్లో ఫుమి పరిగెత్తుకొచ్చి డాక్టరు చెయ్యి పట్టుకుని పడవెక్కుతుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఏది బాగుంటే అదే వేద్దాం. ఏది బాగుంటే అది. ఆ మాట నాకు రాత్రంతా నోట్లో నానింది. ముప్ఫయ్యేళ్ళలో ఒక ఆడది నా వైపు పరిగెత్తుకు రావడం ఇదే మొదటిసారి, అదీ సగం ముగింపులో. పడవ ఈ సాయంత్రం దాకానే మాది, మినోరి రేపటినించి ఇంకో పనికి వెళ్ళిపోతుంది, ఎండ వస్తే గిస్తే ఒక్క విడత వస్తుంది. ఒక్కో ముగింపుకు ఒక్కో టేకు, చెడితే చెడినట్టే. నేను ఒంటరిగా పోయే టేకు చెడిపోతే? నటుడు తొట్రుపడటం నేరమా? సముద్రం గాలికి కళ్ళు మూతపడతాయి, జెట్టీ మీద చేపల నీళ్ళకు కాలు జారుతుంది, తిరగాల్సిన భుజం తిరగదు. ఎవరు మాత్రం ఏమంటారు. ఓడిపోయే టేకులో నేను ఓడిపోతే చాలు, గెలిచేస్తాను.

షెడ్డు అవతల ఒక్కసారి కేకలు, నవ్వులు. గద్ద ఒకటి దిగి హయాసె చేతిలోని వేయించిన ట్యూనా రొట్టె తన్నుకుపోయింది. ఈ రేవు గద్దలకు హీరో ఎవడో తెలీదు, అది ఒక్కటే నాకు ఈ ఊళ్ళో నచ్చింది. హయాసె చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు, ఇంత వయసొచ్చినా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతాడు, మంచివాడు, మంచివాడు కావడమే నాకు గిట్టదు.

"శుభోదయం సుగానో గారూ" అన్నాడు. మధ్యాహ్నం దాటి చాలాసేపైంది, మా పనిలో ఎప్పుడు కలిసినా అదే మాట. "నా రొట్టె చూశారా, పోయింది. మా అమ్మ ఫోన్ చేసిందండీ నిన్న. నన్ను కన్నతల్లి. ఏమందో తెలుసా, ఫుమి డాక్టరుతో వెళ్తే బాగుంటుందిరా, నువ్వు ఎలాగూ వంటవాడివి, ఎక్కడైనా బతుకుతావు అంది."

"మీ అమ్మగారికి లోకం తెలుసు" అన్నాను.

"నాకు కోపం రాలేదండీ. మీరు వెళ్ళిపోతుంటే నేనూ ఏడుస్తాను. ఆరో వారంలో మీరు క్లినిక్ దీపం ఆర్పేసి వెళ్ళేది ఇంట్లో చూసి ఏడ్చాను, నిజం."

చూశారా, ఏడుస్తాడు. వీళ్ళు ఏడవడానికే నేను. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి పోతారు. మా వీధి కూరగాయల దుకాణంలో ఉల్లికాడలు ఏరుకుంటుంటే ఒక ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని, "పాపం నాయనా, ఈసారైనా దక్కుతుందా?" అని అడిగి, సమాధానం వినకుండానే తన సంచిలోంచి ఒక నారింజ తీసి నా చేతిలో పెట్టింది. నారింజ. నేను దాన్ని ఇంటికి తెచ్చి తినలేదు, పారెయ్యలేదు, అది అలమర మీద ముడతలుపడింది. ఎన్నో పెళ్ళిళ్ళు చెడిపోయాయి ఈ లోకంలో, నాదీ చెడింది, అందరిలాగే. కానీ నేను వెళ్ళే బారులో ఒకడు భుజం తట్టి, "నీకు అలవాటేగా" అన్నాడు. నవ్వారు, నేనూ నవ్వాను. మిగతావాళ్ళకు పెళ్ళాం పోతే బాధ, నాకు పోతే రిహార్సలు. నా భార్య సతొయే పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడిన రోజు నేను చెప్పాల్సింది చెప్పాను, నువ్వు సుఖంగా ఉంటే చాలు అన్నాను, అంతకన్నా మంచి మాట ఎవడు చెప్పగలడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఇది ఎన్నో వారం?" అంది. అని, చెప్పులేసుకుని వెళ్ళింది. ఏం చెయ్యమంటారు, కాళ్ళు పట్టుకోమంటారా? కాళ్ళు పట్టుకోవడం హీరోల పని, వాళ్ళకు అలా రాస్తారు, వానలో పరిగెత్తమని, రైలు వెంట పరిగెత్తమని, పెళ్ళి మండపంలోకి దూరి అందరి ముందూ అరవమని. నిజంగా అలా చేసినవాణ్ణి పోలీసులు పట్టుకుపోతారు, టీవీలో పూలు చల్లుతారు. నేను ఎప్పుడూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

నడక మాత్రం నాకు వచ్చు. దాన్ని ఎవడూ కాదనలేడు. సెట్లు మోసే రోజుల్లో ఒక ముసలి నటుడు, తాగి గొంతు పోగొట్టుకున్నవాడు, మాటలున్న వేషాలు ఇచ్చేవాళ్ళు కాదు ఆయనకు, నన్ను స్టూడియో వెనక సందులో నడిపించేవాడు. తిరిగేటప్పుడు తలతో తిరక్కు, అనేవాడు, అది దొంగ తిరిగేది. మడమతో తిరుగు. భుజాలు కాసేపు ఆమె దగ్గరే ఉండిపోవాలి, కాళ్ళు మాత్రం ముందు వెళ్ళాలి, తర్వాత భుజాలు కాళ్ళకు లోబడాలి. మొదటి అడుగు ఆలస్యం కాకూడదు, ఆలస్యమైతే జాలి అడుక్కున్నట్టు. రెండోది తొందర కాకూడదు, తొందరైతే కోపం. చేతులు ఏం చెయ్యాలి అని అడిగాను. చేతులు నీవి కావు, ఆమె దగ్గర వదిలేశావు, ఇక అవేం చేస్తాయి అన్నాడు. ఇదంతా నాకు ఒంట్లో దిగిపోయింది, ఇప్పుడు మూత్రానికి లేచి వెళ్ళినా వెనకనించి చూసేవాడికి గుండె పట్టేస్తుందని మసుయో వెక్కిరిస్తుంది.

జేబులో ఫోను వణికింది. కినుకో అక్క. ఉత్తరాన హచినోహెలో, మేం పుట్టిన ఇంటి ముందు గదిలోనే ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది.

"ఏం చేస్తున్నావురా?"

"మబ్బు విడిచేదాకా కాచుకున్నా."

"దానిక్కూడా జీతమిస్తారా?"

"ఇస్తారు."

"బాగుందిరా నీ పని. నాన్న బతుకంతా పడవలో కూర్చుని మబ్బు వంకే చూశాడు, ఆయనకెవడిచ్చాడు? సరే విను, ఇక్కడ నా దుకాణం రెండు ముక్కలైంది. ఒజావా వాళ్ళ పెద్దావిడ వంటవాడి పక్షం. నేనేదో అన్నానని తలంటు మధ్యలో లేచి వెళ్ళిపోయింది, నురగతోనే, వీధిలో."

"ఏమన్నావు?"

"నీకు మొగుడు ఎలాంటివాడు దొరికాడో అందరికీ తెలుసు, నువ్వా చెప్పేది అన్నా. అదలా ఉంచు. ఆ పిల్ల ఎవడితో పోతుంది? చెప్పు, నాలోనే ఉంచుకుంటా."

"చెప్పకూడదక్కా."

"పోనీలే. నేనెలాగూ చివరి వారం చూడను. నీకు తెలుసుగా, ఎప్పుడూ చూడలేదు. ఆ టైముకి వెనక కూర్చుని తువ్వాళ్ళు ఉతుక్కుంటా. మావాణ్ణి కాదని పోయే ముండను నేనెందుకు చూడాలి?"

నాకు ఆ తువ్వాళ్ళు కనబడ్డాయి. ప్రతిసారీ, అన్నేళ్ళూ, ముందు గదిలో టీవీ ఆర్పేసి, వెనక చన్నీళ్ళలో ఎర్రటి చేతులతో అక్క తువ్వాళ్ళు పిండుతోంది, ఆ పక్క ఇళ్ళ టీవీల్లోంచి సంగీతం వినబడుతోంది, అక్క ఇంకా గట్టిగా పిండుతోంది. నాకు తెలియకుండానే నోరు జారింది.

"ఈసారి చూడక్కా."

అవతల హెయిర్ డ్రయ్యరు మోత ఆగిపోయింది.

"ఏంట్రా?"

"ఏం లేదు. చూడమంటున్నా, అంతే."

"ఒరేయ్..." అంది అక్క, ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది, ఫోను పెట్టేసింది. చూస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెట్టి, ఆ ఒజావా పెద్దావిడను ముందు వరసలో కూర్చోబెట్టి మరీ చూస్తుంది.

"ఇప్పుడు చెవులు తెల్లబడ్డాయి" అంది మసుయో. ఫోనులో మాట వినేసింది, వినకుండా ఉండేంత మర్యాద ఆమెకు లేదు. వంగి, నా కోటు వెనక చెయ్యి దూర్చి, వీపు మీది వేడి పట్టీ తడిమింది. టేకుకు ముందు దాన్ని పీకెయ్యాలి, లేకపోతే సన్న కోటులోంచి ఉబ్బు కనబడుతుంది. "ఏ టేకు చెడగొడతావో నాకు తెలుసులే. గెలిచేదానికి పట్టీ తీసేస్తా. ఓడేదానికి ఇంకోటి అంటించి మర్చిపోయానంటా. వెనకనించి గూనివాడిలా కనబడతావు. ముసలిదాన్ని, మతిమరుపు, నన్ను ఎవడేం చేస్తాడు."

"నీ పేరు చెడుతుంది."

"నీ నెత్తి మీద రంగు వేస్తూ ఇంతకాలం బతికాను, నా పేరుకు ఇంకేం కావాలి. నాకూ చూడాలని ఉంది సుగానో, ఒక్కసారి ఎవతైనా నీ వెనక పరిగెత్తడం."

అప్పుడే జెట్టీ చివర నీళ్ళ మీద ఒక తెల్లటి మచ్చ పడింది, అది పాకింది, పడవ తాళ్ళ మీదికి, సిమెంటు మీదికి, నా బూట్ల మీదికి, డైరెక్టరు అద్దం కిందికి దించి గుండెలు పగిలేలా అరిచాడు, వచ్చింది వచ్చింది, డాక్టరుతో వెళ్ళేది ముందు, లేవండి, గద్ద రెక్కలా అందరూ ఒక్కసారి లేచారు. పట్టీ ఊడింది, ఐసు నోట్లోకి వెళ్ళింది, నేను జెట్టీ మధ్యలో నిలబడ్డాను. మినోరి వచ్చింది. నిజంగానే పరిగెత్తుకొచ్చింది, జుట్టు ఊడిపోయి, సంచి ఎక్కడో పారేసి, నా కోసం, రొప్పుతూ ఎదురుగా నిలబడి నా మొహం వంక చూసింది, ఇంత దగ్గరనించి ఎవరూ నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో, ఆ మొహంతో ఏం చెయ్యాలో తోచలేదు. ఆమె చెయ్యి చాపింది. పట్టుకున్నాను. ఇక ఇద్దరం పక్కపక్కన నడవాలి. పక్కపక్కన ఎలా నడుస్తారు? ఆమె ఏ కాలు ముందు వేస్తుంది, నేను ఆగాలా, లాగాలా, నా భుజం ఎటు ఉండాలి, ఆ ముసలాయన ఇది చెప్పలేదు, సందు ఇరుకు, ఇద్దరు పట్టరు. నా బూటు ఆమె మడమకు తగిలింది. ఆమె నవ్వి సర్దుకుంది. పడవ దాకా వెళ్ళాం.

"ఓకే" అన్నాడు డైరెక్టరు. ఓకేల్లో రకాలుంటాయి. ఇది వచ్చిన చుట్టానికి కాఫీ ఇచ్చే ఓకే.

"సుగానో గారూ, మీ చెయ్యి చేపముక్కలా చల్లగా ఉందండీ" అంది మినోరి, తన రెండు చేతులతో రుద్దుతూ. మంచి పిల్ల.

ఎండ ఉంది ఇంకా. మబ్బు రెండో కొస పడమటినించి వస్తోంది. రెండోది, రెండోది, ఆలస్యం చెయ్యొద్దు అని అరుపులు. మసుయో కప్పుతో పరిగెత్తుకొచ్చింది, కోటు సర్దుతున్నట్టు వెనక్కి వెళ్ళింది, వెచ్చగా తగిలింది వీపుకు, లావుగా, రెండు మడతలు వేసి మరీ అంటించింది. చెవి దగ్గర గుసగుసగా, "పెట్టేశా. ఇక నువ్వు నడువు చాలు" అంది. నేను నిలబడ్డాను. వీపు మీద అది నాది కాని మాంసంలా ఉంది. కెమెరా నా వెనక్కి జరుగుతున్న చప్పుడు వినబడుతోంది, దాని చక్రాల కింద ఇసుక నలుగుతోంది, అది ఎక్కడ ఆగిందో వీపుకు తెలుస్తోంది.

"తీసెయ్" అన్నాను.

"ఏంటీ?"

"పట్టీ. తీసెయ్."

మసుయో నా మొహంలోకి చూసింది. "పిచ్చోడా" అంది. "ఒట్టి పిచ్చోడివి." చర్మం ఊడొచ్చేలా లాగేసింది.

మొదలు. ఫుమి ఎదురుగా ఉంది, ఈసారి రాదు, కాళ్ళు కదలవు, ఏదో చెప్పబోతుంది, చెప్పనివ్వకూడదు. "గాలి ఎక్కువగా ఉంది, లోపలికి వెళ్ళండి" అన్నాను. ఆవిరి రాలేదు. మడమ మీద తిరిగాను. భుజాలు కాసేపు ఆమె దగ్గర ఉండిపోయాయి, తర్వాత వచ్చాయి. ఇప్పుడు కాలు జారాలి. సిమెంటు తడిగా ఉంది, జారడానికి తగినంత తడి, కానీ పాదం ఆ తడిని తప్పించి ఆరిన చోట పడింది, నన్ను అడక్కుండా. పోనీ రెండోది తొందరగా వెయ్యి అన్నాను కాలుతో, అది వినలేదు, దానికి నాకన్నా బాగా తెలుసు. ఎండ వీపు మీద సమంగా పడుతోంది. చేతులు నావి కావు. పడవ దగ్గరవుతోంది, తాళ్ళు కిర్రుమంటున్నాయి, వెనక అంతమంది మనుషులున్న జెట్టీ మీద ఒక్క దగ్గు లేదు, ఒక్క అడుగు లేదు, ఎవరో ఆడమనిషి ఊపిరి బిగబట్టి వదలడం మర్చిపోయింది, ఆ నిశ్శబ్దం ఎలాంటిదో నాకు తెలుసు, జీవితంలో నాకు దొరికిందల్లా అదే. అక్క టీవీ ముందు కూర్చుంటుంది. ఇంకా టైముంది. ఒక్కసారి తల వెనక్కి తిప్పితే చాలు, పాడైపోతుంది, అంతా పాడైపోతుంది, ఎండ పోతుంది, ఆమె నాది అవుతుంది. కట్ అనడంలేదు ఎవరూ. అనేదాకా నడవాలి. జెట్టీ అయిపోవస్తోంది, పడవ మెట్టు ఎక్కాను, ఇంకా అనలేదు, తల తిప్పలేదు.